చెర్రీ తోటలో ఈగ, కొబ్బరి తోటలో తెల్లదోమ

గోదావరి డెల్టాలో చెర్రీ పండదు. పండుతుందని ఎవరైనా మొక్క అమ్మితే కొనకండి. తియ్య చెర్రీ మొగ్గ సరిగా విచ్చుకోవాలంటే చలికాలంలో 7 డిగ్రీల లోపు చలి, రకాన్ని బట్టి, కొన్ని వందల గంటల నుంచి వెయ్యి గంటల పైదాకా తగలాలి. అమలాపురంలో భోగి తెల్లవారుజామున కూడా అంత చలి పడదు. నర్సరీల్లో దొరికే బార్బడోస్ చెర్రీ, సురినామ్ చెర్రీ పేరుకే చెర్రీలు, వాటి కుటుంబాలే వేరు. ఇక కేకు మీద ఎర్రగా మెరిసేది చాలాచోట్ల మన వాక్కాయే, పాకంలో ఊరబెట్టి రంగు వేసింది.

అయినా కోనసీమ కొబ్బరి రైతు చెర్రీ రైతు సంగతి తెలుసుకోవాల్సిన అవసరం ఉంది. యూరప్ చెర్రీ తోటల మీద 2008లో ఒక ఈగ వచ్చి పడింది. మన దేశపు కొబ్బరి మీద 2016లో ఒక తెల్లదోమ వచ్చి పడింది. రెండూ పరాయి ఖండాల నుంచి వచ్చినవే. మందు కొట్టి వదిలించుకుందామంటే రెండూ వదల్లేదు. రెండింటికీ విరుగుడు కంటికి సరిగా ఆనని బదనికే, అంటే పురుగు ఒంట్లో గుడ్డు పెట్టి దాన్ని లోపలి నుంచి చంపే చిన్న కందిరీగ లాంటిది. దేని బదనిక దానికి వేరు. అక్కడ ఆ బదనిక కోసం జపాన్, చైనా, స్విట్జర్లాండ్, ఇటలీ, అమెరికా శాస్త్రవేత్తలు పదేళ్లకు పైగా కలిసి పనిచేశారు. మన బదనిక మనకు దాదాపు ఊరికే దొరికింది. ఊరికే దొరికినదాన్ని మందు డబ్బా పట్టుకుని మనమే చంపుకుంటున్నాం.

ముందు చెర్రీ సంగతి. ఆ ఈగ పేరు డ్రోసోఫిలా సుజుకీ. మాగిన అరటిపండు చుట్టూ ముసిరే చిన్న ఈగలకు దగ్గరి చుట్టం. మగదాని రెక్క చివర నల్లచుక్క ఉంటుంది. మామూలు చిన్న ఈగ కుళ్ళిన పండు మీదే గుడ్డు పెట్టగలదు, గట్టి తొక్కను కోసే సాధనం దానికి లేదు. సుజుకీ ఆడ ఈగకు గుడ్లు పెట్టే గొట్టం అంచున రంపపు పళ్ళున్నాయి. దాంతో చెట్టు మీదున్న గట్టి కాయనే కోసి లోపల గుడ్డు దించుతుంది. చెర్రీ ఆకుపచ్చ నుంచి గడ్డిపసుపు రంగుకి తిరిగినప్పటి నుంచే ప్రమాదం. వాతావరణం వెచ్చగా ఉంటే రెండు వారాల్లోపే కొత్త తరం బయటికొస్తుంది. కోత దగ్గరపడ్డాక మందు కొడితే పండులో అవశేషాలు మిగులుతాయి, కొట్టకపోతే పండులో పురుగు ఉంటుంది.

ఒక దారి వల. కన్ను 1 మిల్లీమీటరు లోపుండే వలతో తోటనంతా మూసేస్తారు. మూసే అదును తప్పితే మాత్రం నష్టమే. పూత మీద మూస్తే తేనెటీగ లోపలికి రాదు, చాలా చెర్రీ రకాలకు పరపరాగ సంపర్కం తప్పనిసరి కాబట్టి కాయ నిలబడదు. కాయ రంగు తిరిగాక మూస్తే ఈగ అప్పటికే లోపల ఉంటుంది. అందుకే పూత రాలాక, రంగు తిరగక ముందు, ఆ కొద్ది వారాల్లోనే మూయాలి. రాలిన పండ్లు, పగిలిన పండ్లు ఏరి పెంటకుప్పలో వేసినా లాభం లేదు, అందులోనూ పురుగు బతుకుతుంది. పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి ఎండలో పెడతారు.

ఇవన్నీ చేసినా తోట పక్కనున్న పొదల్లో, అడవి అంచున ఉన్న అడవిపండ్లలో ఈగ పెరుగుతూనే ఉంటుంది. అక్కడికి మందూ చేరదు, వలా చేరదు. యూరప్‌లో ముందునుంచీ ఉన్న బదనికలు ఈ ఈగ పిల్లపురుగులో గుడ్డు పెట్టినా, పిల్లపురుగు రక్తకణాలు ఆ గుడ్డును చుట్టుముట్టి చంపేస్తున్నాయి. దాంతో ఈగ పుట్టిన ప్రాంతంలో దాన్ని అదుపులో పెడుతున్నది ఏమిటో చూడటానికి తూర్పు ఆసియాకి వెళ్ళారు. అక్కడ దొరికింది గనాస్పిస్ అనే బదనిక. చెట్టు మీది తాజా పండులో దాక్కున్న పిల్లపురుగును వెతికి పట్టుకుని దానిలో గుడ్డు పెడుతుంది.

దొరికింది కదా అని తెచ్చి వదిలెయ్యలేదు. చాలా ఏళ్ళు పట్టింది ఇక్కడే. క్వారంటైన్ గదుల్లో పెంచుతూ, వేరే ఈగ జాతులను కూడా దాని ముందు పెట్టి వాటి మీద పడుతుందా అని పరీక్షించారు. పైకి ఒకేలా కనిపించే గనాస్పిస్‌లో వేరు వేరు వంశాలున్నాయని, ఒక వంశం దాదాపుగా సుజుకీ ఈగనే వెతుక్కుంటుందని, ఇంకొకటి దొరికినదాని మీదల్లా పడుతుందని తేలింది. మొదటిదాన్నే ఎంచుకున్నారు. 2024లో దాన్ని విడి జాతిగా గుర్తించి గనాస్పిస్ కిమోరమ్ అని పేరు పెట్టారు. ఇటలీలో 2021లో, అమెరికాలో 2022లో, స్విట్జర్లాండ్‌లో 2023లో విడుదలలు మొదలయ్యాయి. మందు కొట్టే తోటలోకి కాదు, మందు తగలని పొదల అంచుల్లోకి వదిలారు. ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకోండి, మన తోటలకు నేరుగా పనికొస్తుంది.

ఇప్పుడు మన దగ్గరికి. మన కొబ్బరి మీద పడ్డ సర్పిలాకార తెల్లదోమకు 2004లో మధ్య అమెరికాలోని బెలీజ్ నమూనాలతో శాస్త్రీయ నామం పెట్టారు. 2009లో అమెరికాలోని ఫ్లోరిడాలో బయటపడింది. 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి కొబ్బరి తోటల్లో కనిపించింది. ఆ వెంటనే కడియం నర్సరీల వైపు, అక్కడి నుంచి కోనసీమ, పశ్చిమ డెల్టా. దోమ తన రెక్కల మీద ఇంత దూరం ఎగరలేదు, మొక్కలతో పాటు లారీల్లో వచ్చింది. కొబ్బరితో పాటు అరటి, జామ, సీతాఫలం, ఆయిల్‌పామ్, కుండీల్లో పెంచే అలంకరణ మొక్కలు కూడా దానికి ఇష్టమే. దేశం నలుమూలలకూ మొక్కలు వెళ్ళే చోట అలాంటి పురుగు నిలవకుండా ఉండదు.

మట్ట ఒకటి కోసి ఆకు తిప్పి చూడండి. ఆకు అడుగున తెల్లటి మైనపు పొడితో గుండ్రంగా చుట్టుకుంటూ పోయిన గీతలు కనిపిస్తాయి. గుడ్లు ఆ గీతల్లో ఉంటాయి. పెద్ద దోమ దాదాపు రెండున్నర మిల్లీమీటర్లు, మిరప మీదా పత్తి మీదా చూసే తెల్లదోమకు మూడింతలు. రెక్కల మీద లేత గోధుమరంగు చారలుంటాయి. పిల్లపురుగులు ఆకుకి అతుక్కుని రసం పీలుస్తూ తియ్యటి జిగురు వదులుతాయి. ఆ జిగురు కింది మట్టల మీద, కింద ఉన్న అరటి, కోకో, కంద ఆకుల మీద పడుతుంది. దాని మీద మసి, అంటే నల్లటి బూజు, పెరుగుతుంది. రైతు కంగారు పడేది ఈ మసిని చూసే. నిజానికి మసి ఆకు లోపలికి పోదు. పైన పొరలా కప్పుకుని ఎండను అడ్డుతుంది, అంతే. చెట్టు చావదు. ఈ పురుగు వల్ల తోట పోతుందని చెప్పి మందు అమ్మేవాళ్ళ మాట వినకండి.

విరుగుడు పేరు ఎన్కార్సియా గ్వాడెలూపే. మిల్లీమీటరు కూడా ఉండదు. 1993లో కేరళలో మన తెల్లదోమకు దాయాదైన ఇంకో సర్పిలాకార తెల్లదోమ బయటపడింది. తర్వాత కొన్నాళ్ళకు లక్షదీవుల్లోని మినికాయ్‌లో ఆ దోమ మీద ఎన్కార్సియా బతుకుతోందని శాస్త్రవేత్తలు గమనించారు. ఎవరూ తేకుండానే వచ్చింది. దాన్ని అక్కడి నుంచి ప్రధాన భూభాగానికి చేర్చారు. 2016లో కొత్త దోమ దిగేసరికి ఈ బదనిక ఇక్కడ కాపురమే ఉంది, కొత్తదాని మీదికీ మళ్ళింది. ఫ్లోరిడాలో ఇదే దోమ మీద ఇదే బదనిక పనిచేస్తోందని అక్కడి వాళ్ళు ముందే రాసిపెట్టారు కాబట్టి, మన బెంగళూరు జాతీయ కీటక వనరుల సంస్థ, కాసరగోడ్ తోటపంటల పరిశోధన సంస్థ, అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రం ఏం వెతకాలో తెలిసే వెతికాయి. చెర్రీ విషయంలోనూ ఇలాంటిదే జరిగింది. గనాస్పిస్ మీద పరీక్షలు సాగుతుండగానే లెప్టోపిలినా జపానికా అనే ఇంకో బదనిక తనంతట తానే కెనడాకి, ఇటలీకి చేరిపోయింది.

మీ తోటలో ఎన్కార్సియా ఉందో లేదో మీరే తేల్చుకోవచ్చు. కావాల్సింది పదింతలు పెద్దగా చూపించే చేతి భూతద్దం. దింపు తీసేవారు చెట్టెక్కినప్పుడే చెప్పి, మధ్య వరస మట్టల నుంచి నాలుగు దిక్కులా ఒక్కో ఆకు కోయించండి. ఆకు అడుగున పిల్లపురుగు చివరి దశలో ఉన్న గుల్లలు, అంటే గుండ్రటి పెంకుల్లాంటివి, కనిపిస్తాయి. మైనం ఎక్కువగా ఉంటే మెత్తటి కుంచెతో మెల్లగా తుడవండి. ఖాళీ గుల్లలు రెండు రకాలుగా ఉంటాయి. ఇంగ్లీషు టీ అక్షరం ఆకారంలో పైన చీలి ఉంటే అందులోంచి తెల్లదోమ బయటికొచ్చింది. సూదితో పొడిచినట్టు నున్నటి గుండ్రటి కన్నం ఉంటే అందులోంచి ఎన్కార్సియా వచ్చింది. రెండూ లెక్కపెట్టండి. ఉదాహరణకి ఖాళీ గుల్లలు 80 ఉండి, వాటిలో 52 గుండ్రటి కన్నాలైతే 65 శాతం బదనిక తినేసినట్టు. సగం దాటిందంటే మందు జోలికి పోకూడదు.

ఈ లెక్క తప్పే చోటొకటుంది. అడుగున వాలిపోయిన ముసలి మట్టలు కోస్తే అందులో నెలల కిందటి గుల్లలుంటాయి, అవి పాత సంగతే చెబుతాయి. బతికున్న పిల్లపురుగులు, ఖాళీ గుల్లలు రెండూ ఉన్న ఆకే తీసుకోవాలి. ఇంకా నమ్మకం కావాలంటే ఆకు ముక్కల్ని గాజు సీసాలో, అడుగున పొడి కాగితం పరిచి పెట్టి, మూతికి పల్చటి గుడ్డ బిగించి వారం పది రోజులు నీడలో ఉంచండి. ఏవి ఎన్ని బయటికొచ్చాయో సీసానే చెబుతుంది. తడి ఆకు పెడితే బూజు పట్టి రెండూ చస్తాయి.

మందు ఎందుకు పనికిరాదో చెప్పాలి. మైనపు పొడి మీద నీళ్ళ మందు నిలవదు. ఆకు పైన కొట్టిన మందు అడుగునున్న పురుగుకి చేరదు. ఎదిగిన తూర్పుతీరపు పొడవు రకం చెట్టు తలని పూర్తిగా తడపడం ఏ స్ప్రేయరుకీ తేలిక కాదు, సగం తడిసిన చెట్టులో మిగిలిన దోమ మళ్ళీ పెరుగుతుంది. ఈ మధ్యలో గాలిలో తిరిగే ఎన్కార్సియా, దోమను తినే అల్లికరెక్కల పురుగులు, అక్షింతల పురుగులు ముందు చస్తాయి, ఎందుకంటే వాటికి మైనపు కవచం లేదు. రెండు నెలలు తిరక్కుండానే దోమ మునుపటికంటే ఎక్కువవుతుంది. అప్పుడు ఇంకో మందు. వేరు ద్వారా మందు ఎక్కించడం ఇంకా చెడ్డపని. అది బొండాం నీళ్ళలోకి రావచ్చు, ఆ నీళ్ళు పసిపిల్లలూ జ్వరం వచ్చినవాళ్ళూ తాగుతారు.

చేయదగ్గ పనులు చాలానే ఉన్నాయి. అన్నిటికంటే చవకైనది నీళ్ళు. లేత తోటల్లో, గంగాబొండాం లాంటి పొట్టి రకాల్లో పవర్ స్ప్రేయరుతో ఆకు అడుగుభాగానికి గట్టిగా నీళ్ళు కొడితే పెద్ద దోమలు, గుడ్ల వలయాలు చాలావరకు రాలిపోతాయి. పొట్టి రకాలు, సంకర రకాల మీద ఈ దోమ ఎక్కువగా ఉంటుంది కాబట్టి అక్కడే మొదలుపెట్టండి. ఉధృతి బాగా ఉంటే లీటరు నీళ్ళకు 5 మిల్లీలీటర్ల వేపనూనె. నూనె నేరుగా నీళ్ళలో పోస్తే పైన తేలిపోతుంది, ట్యాంకులోంచి మొదట వచ్చేది నీళ్ళు, చివర వచ్చేది నూనె అవుతుంది, చివరి నాలుగు చెట్ల ఆకులు మాడతాయి. ముందు కొద్ది సబ్బు నీళ్ళలో నూనెను పాలలా తెల్లబడేదాకా కలిపి, ఆ తర్వాతే ట్యాంకులో పోయాలి.

తేమ ఉన్న రోజుల్లో అసలైన సాధనం ఐసేరియా ఫ్యూమోసోరోసియా అనే శిలీంధ్రం. బెంగళూరు సంస్థ వేరుచేసిన పీఎఫ్‌యూ-5 రకం మన డెల్టాలో వాడుతున్నారు. లీటరు నీళ్ళకు 5 గ్రాములు. బియ్యపు గింజల మీద పెంచినది తెచ్చుకుంటే నీళ్ళలో బాగా పిసికి, పల్చటి గుడ్డలో వడగట్టండి, లేకపోతే నాజిల్ మూసుకుపోతుంది. సాయంత్రం ఎండ తగ్గాకే, ఆకు అడుగున తడిసేలా కొట్టాలి, 15 రోజులకు మళ్ళీ ఒకసారి. ఫలితం రాలేదనే వాళ్ళ దగ్గర మూడు కారణాలే ఎక్కువగా కనిపిస్తాయి. మిట్టమధ్యాహ్నం కొట్టి ఉంటారు, ఎండకి బీజాలు చస్తాయి. లేదా కాపర్ మందు కలిపిన ట్యాంకునే కడగకుండా వాడి ఉంటారు, తెగులు మందు ఈ శిలీంధ్రాన్నీ చంపుతుంది. లేదా వేసవి పొడిగాలిలో కొట్టి ఉంటారు, తేమ లేకుండా బీజం మొలవదు.

మసి వదలాలంటే మందు అక్కర్లేదు. లీటరు నీళ్ళకు 10 గ్రాముల గంజిపిండి ఉడికించి, చల్లార్చి, వడగట్టి ఆకు పైభాగం మీద చల్లితే ఎండాక పొరలా లేచి మసితో సహా రాలుతుంది. అడుగు వైపు చల్లకండి, బదనికలున్నది అక్కడే. వాన పడితే ఈ పనీ తప్పుతుంది. ఆముదం రాసిన పసుపు అట్టలు తోటలో కడితే పెద్ద దోమలు అతుక్కుంటాయి, దుమ్ము పట్టాక అవి పనిచేయవు, తుడిచి మళ్ళీ రాయాలి.

అంబాజీపేట కేంద్రంలో డైకోక్రైసా అనే అల్లికరెక్కల పురుగును పెంచి ఇస్తారు. దాని పిల్లపురుగు తెల్లదోమ గుడ్లనూ పిల్లపురుగులనూ తింటుంది. ఎన్కార్సియాని అయితే తోట నుంచి తోటకి మనమే మోసుకెళ్ళవచ్చు. గుల్లలు నిండుగా ఉండి, గుండ్రటి కన్నాలు అప్పుడప్పుడే మొదలైన ఆకు ముక్కలు కోసి, దోమ ఉన్న కొత్త తోటలో మట్టలకు పిన్ను కొట్టాలి. అన్ని గుల్లలకూ కన్నాలు పడిపోయిన ఆకు తెస్తే లాభం లేదు, లోపలివి అప్పటికే ఎగిరిపోయాయి. కొబ్బరి కింద అరటి, జామ ఉన్నవాళ్ళు వాటికి కొట్టే మందు విషయంలో జాగ్రత్తపడాలి. అరటి ఆకు మీద కూడా ఎన్కార్సియా ఉంటుంది, కింద కొట్టిన మందు పైన పనిచేస్తున్నదాన్నీ చంపుతుంది. చెర్రీ వాళ్ళు బదనికను పొదల అంచున వదిలినట్టే, తోటలో కనీసం గట్టు వైపు వరసలనైనా ఏ మందూ తగలకుండా ఉంచండి, అక్కడి నుంచే అది మిగతా తోటకి తిరిగొస్తుంది. ఎరువుల సంగతి కొత్తదేమీ కాదు. ఎదిగిన చెట్టుకి ఏడాదికి కిలో పైచిలుకు యూరియా, 2 కిలోల సూపర్ ఫాస్ఫేట్, 2 కిలోల పొటాష్, రెండు దఫాలుగా. పొటాష్ ఎగ్గొట్టే తోటలు ఎక్కువ, అలా ఎగ్గొట్టడం మానేయండి.

ఇక లెక్కల విషయం. చెర్రీ శాస్త్రవేత్తల నుంచి నేర్చుకోవాల్సింది బదనిక ఒక్కటే కాదు. 2012 నుంచి 2016 దాకా యూరప్ దేశాలు నాణ్యమైన చెర్రీ సాగు మీద ఒక ఉమ్మడి పరిశోధన వేదిక నడిపాయి. ఆ సంబంధాల వల్లనే 1978 నుంచి 2015 వరకు వేరు వేరు దేశాల ప్రయోగ క్షేత్రాల్లో రాసుకున్న పూత తేదీలు, పక్వానికి వచ్చిన తేదీలు ఒకచోట చేరాయి. అలా చేర్చడం కుదరాలంటే పూత వచ్చింది అన్న మాటకి అందరూ ఒకే అర్థం చెప్పుకోవాలి. బీబీసీహెచ్ అనే కొలమానంలో మొదటి పూలు విచ్చితే 60, సగం పూలు విచ్చితే 65, పూత అయిపోతే 69. జర్మనీలో రాసిన 65ని స్పెయిన్‌లో చదివినవాడికి వేరే వివరణ అక్కర్లేదు.

మన డెల్టాలో ఒక ఊళ్ళో దోమ బాగా ఎక్కువ అంటారు, పక్క లంకలో పర్లేదు అంటారు. ఆ రెండు మాటల్ని పక్కపక్కన పెట్టి ఏమీ తేల్చలేం. ఆకుకి గుడ్ల వలయాలు 10 లోపుంటే తక్కువ, 10 నుంచి 20 మధ్య ఉంటే మధ్యస్థం, 20 దాటితే తీవ్రం. ఇంతకంటే పెద్ద కొలమానం రైతుకి అవసరం లేదు. దింపు తీసిన ప్రతిసారీ గుర్తు పెట్టిన అవే అయిదు చెట్ల నుంచి ఆకులు దింపి, వలయాల సంఖ్య, గుండ్రటి కన్నాల శాతం, ఆ మధ్య వాన పడిందా లేదా, ఏమైనా కొట్టారా, ఈ నాలుగూ పుస్తకంలో రాయండి. వానలు తగ్గాక దోమ పెరుగుతుంది, వర్షాకాలంలో తగ్గుతుంది. ఆ తగ్గుదలని మందు పనితనం అనుకోకుండా ఉండాలంటే ఈ పుస్తకం ఉండాల్సిందే.

ఇంకొన్ని తెల్లదోమలు కూడా దేశంలోకి వచ్చాయి, 2018లో కేరళలో కనిపించిన బొండార్ గూడు దోమ వాటిలో ఒకటి. సర్పిలాకారపు దానికంటే బాగా చిన్నది, ఆకు అడుగున మైనపు పోగులతో చిన్న గూడు కట్టుకుని అందులో కూర్చుంటుంది. దీని మీద ఎన్కార్సియా పని అంతగా కనిపించదు. కాబట్టి పిన్ను కొట్టడానికి ఆకులు తెచ్చేముందు భూతద్దంతో గూళ్ళున్నాయేమో చూడండి, ఉంటే ఆ తోట ఆకులు తేవద్దు. కొత్త కొబ్బరి మొక్క, అరటి పిలక, అలంకరణ మొక్క ఏది కొన్నా ఆకు అడుగు తిప్పి చూశాకే బండెక్కించండి. గుర్తుపట్టలేనిది కనిపిస్తే ఆ ఆకుని ప్లాస్టిక్ సంచిలో కాకుండా కాగితపు కవరులో పెట్టండి, ప్లాస్టిక్‌లో చెమటపట్టి నమూనా కుళ్ళిపోతుంది. కవరు మీద తేదీ, ఊరు, కొబ్బరి రకం, పై నుంచి ఎన్నో మట్ట, చివరిసారి ఏం కొట్టారో రాసి, మర్నాటికల్లా అంబాజీపేటలో ఇవ్వండి.